ముఖం చూపితేనే లిఫ్టు

గంగమ్మ జాతర ఆఖరి రోజు పొద్దున్నే ఏకాంబరం నలభై ఏళ్ల మీసాన్ని నున్నగా గీసేశాడు. భార్య దేవకమ్మ అప్పటికే పొంగలి పెట్టడానికి గుడికి వెళ్లింది. ఇక తను ఆమె పెళ్లి చీర కట్టుకుని, విగ్గు పెట్టుకుని, సారె తట్ట నెత్తినెత్తుకుని నడిచివెళ్లి అమ్మవారి ముఖం చూడాలి. పోయినేడు దేవకమ్మ వేలూరు ఆసుపత్రిలో పడుకున్న పన్నెండు రోజులూ ఆయన కంటిమీద కునుకు లేదు. ఆమె లేచి నడిచి ఇంటికొస్తే, జాతరలో మొక్కున్న మగాళ్లు కట్టినట్టే, ఆమె చీరలోనే ఆడవేషం కడతానని గంగమ్మకు మొక్కుకున్నాడు. ఆ సంగతి ఎవరికీ, చివరికి దేవకమ్మకు కూడా చెప్పలేదు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఓనరు, పైగా అపార్టుమెంటు ప్రెసిడెంటు, ఏ నోటితో చెబుతాడు? కానీ మొక్కు మొక్కే. ఈ రోజు దాటితే మళ్లీ ఏడాది ఆగాలి.

వాళ్లుండే భవనం సంగతి కాస్త చెప్పాలి. బస్టాండు వెనక రెండు లాడ్జీల నడుమ, ఇరుకు జాగాలో అగరుబత్తి గుచ్చినట్టు ముప్పై రెండు అంతస్తులు లేపారు. అంతస్తుకు ఒకటే ఇల్లు. బాల్కనీలోంచి చూస్తే ఎదురుగా కొండ, కింద సందులో చూస్తే ఇడ్లీ బండి పెట్టడానికీ చోటుండదు. కింద నుంచి పైకి పోవాలంటే యంత్రానికి ముఖం చూపాలి. అది గుర్తుపట్టి పచ్చదీపం వెలిగిస్తేనే లిఫ్టు కదులుతుంది. యంత్రం గుర్తుపట్టకుంటే మా నాయనే వచ్చినా పైకి పంపొద్దు అని సర్క్యులర్ రాసి, ఫ్రేము కట్టించి, సెక్యూరిటీ బల్ల దగ్గర తగిలించిన మహానుభావుడు ఏకాంబరమే.

మొబైల్లో వీడియో చూస్తూ, ఆరు పిన్నీసులు గుచ్చుకుని, రెండు గంటలు తంటాలు పడి చీర కట్టాడు. విగ్గు పెట్టి, ముఖానికి పసుపు పూసి, ఇంత బొట్టు పెట్టుకున్నాడు. కొంగు ముసుగేసుకుని ఇరవై ఏడో అంతస్తులో లిఫ్టెక్కాడు. ఇరవై నాలుగులో చంద్రకాంతమ్మ ఎక్కింది. ఆ చీర ఎవరిదో ఆమెకు బాగా తెలుసు. ఎవరమ్మా నువ్వు అని అడిగింది. గొంతు బయటపడుతుందని ఏకాంబరం గోడవైపు తిరిగి నిలబడ్డాడు. చంద్రకాంతమ్మ కింద దిగీ దిగగానే దేవకమ్మకు ఫోను చేసి, నీ పెళ్లి చీర కట్టుకుని ఒకామె మీ ఇంట్లోంచి దిగిందని చెప్పేసింది.

గేటుదాకా వెళ్లాక గుర్తొచ్చింది ఏకాంబరానికి, సారె తట్ట ఇంటి గుమ్మం దగ్గరే మరిచిపోయాడని. వెనక్కి వచ్చి యంత్రానికి ముఖం చూపాడు. ఎర్రదీపం. వంగి చూపాడు, నవ్వి చూపాడు, ముసుగు తీసి చూపాడు. ఎర్రదీపమే.

సెక్యూరిటీ దయానంద్‌ది పులికాట్ ఒడ్డున పల్లె. ఉద్యోగంలో చేరి పది రోజులైంది.

"నేను ఏకాంబరం అప్పా, ఇరవై ఏడు," అన్నాడు ఏకాంబరం, పరువు పక్కనబెట్టి.

"సారుకి ఇంత మీసం ఉండాది," అన్నాడు దయానంద్ జాలిగా. జాతర వేషాలు అతనికి తెలియనివి కావు. దొంగలు కూడా వేషాలు కడతారనే అతని అనుమానం. ఏ సందేహమూ లేకుండా తేల్చుకుందామని ప్రెసిడెంటు నంబరుకు ఫోను చేశాడు. అది చీర నడుములో మోగింది.

దయానంద్ ఫోను లాక్కుని, ఆ వేషాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, గేటు మూయించాడు. విగ్గు తీసి ముఖం కడుక్కుంటే చూస్తానని బేరం పెట్టాడు. ఒక చెంబుడు నీళ్లతో గొడవ తీరిపోతుంది. మొక్కు కూడా పోతుంది.

"అమ్మ మొగం సూసేదాకా ఈ బొట్టు సెరపను. పోలీసుల్ని పిల్సుకో పో," అన్నాడు.

అంతలో ఆ ఫోనుకే దేవకమ్మ చేసింది. నా పెళ్లి చీర కట్టుకున్నామె ఏదని అడిగితే, సారు ఫోను ఆ మనిషి దగ్గరే దొరికిందని దయానంద్ ఉన్నదున్నట్టు చెప్పాడు. పొంగలి పొయ్యి మీదే వదిలేసి, పది నిమిషాల్లో ఆమె ఆటో దిగింది.

"ఎవుతివి మే నువ్వు? నా పెండ్లి సీర నీకెట్లొచ్చింది?"

అక్కణ్ణించి ఆమె తిట్టిన తిట్లు అచ్చులో పెట్టేవి కావు. కుర్చీలో ఉన్న మనిషిని, ఇంట్లో లేని మొగుణ్ణి, ఇద్దరి వంశాలనూ కలిపి కడిగేసింది. ఈ జాతరలో తిట్టు దీవెనతో సమానం గనుక ఏకాంబరం తలవంచుకుని అన్నీ పుచ్చుకున్నాడు. ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు ఆమె చూపు కొంగు మీద పడింది. అద్దంలో చూసినట్టు కుడి భుజం మీద వేసుంది. ఈ వైపు ఏ ఆడదీ అట్లా కట్టదు.

"నువ్వు నడిసి ఇంటికొస్తే నీ సీరలో వస్తానని మొక్కినా, దేవకా," అన్నాడు ఏకాంబరం మెల్లగా.

వేలూరు మంచం పక్కన ఈ మనిషి రోజూ విసుక్కుంటూ కూర్చోవడం దేవకమ్మకు గుర్తుంది. మొక్కుకోవడం తెలియదు. కళ్లు తుడుచుకుని, "కొంగు కూడా ఏసుకోను రాదు, మొక్కంట," అంటూ అందరి ముందే పిన్నీసులు తీసి, కొంగు ఎడమ భుజానికి మార్చింది. యంత్రానికి తన ముఖం చూపి, పైకి పోయి సారె తట్ట తెచ్చి, ఆయన నెత్తిన పెట్టింది. ఇద్దరూ కలిసి గుడికి నడిచారు.

మర్నాడు ముఖం కడుక్కుని, ప్యాంటు చొక్కాతో వాకింగుకు వెళ్లొచ్చిన ఏకాంబరానికి యంత్రం మళ్లీ ఎర్రదీపమే చూపింది. మీసం లేదు మరి. కొత్త ముఖం ఎక్కించాలంటే కమిటీ తీర్మానం కావాలి. అదీ ఆయన పెట్టిన రూలే. దయానంద్ చేతులు నలుపుకుంటూ విజిటర్ల పుస్తకం ముందుకు జరిపాడు.

ఎవరి కోసం వచ్చారు అన్న గడిలో ఏకాంబరం 'దేవకమ్మ కోసం' అని రాసి సంతకం పెట్టాడు.