మూడో తరగతి ఉద్యోగస్థులు

ఆ రోజు పొద్దున మూడో తరగతి టీచరు అరగంట ముందే బడికి వచ్చి, గోడ మీది చార్టు ముందు నిలబడి ఉద్యోగాలన్నీ ఒకసారి సరిచూసుకుంది. తరగతిలో ఇరవై ఎనిమిది మంది పిల్లలు, చార్టు మీద ఇరవై ఎనిమిది ఉద్యోగాలు. తలుపు, లైట్లు, కిటికీలు, వరస, మొక్కలు, బోర్డు తుడవడం... ఇలా ఓ పన్నెండు దాకా తేలిగ్గానే తట్టాయి. మిగతావి బుర్ర గోక్కుని మరీ పుట్టించాల్సి వచ్చింది. గదిలోకి పిచ్చుక వస్తే బయటికి సాగనంపే ఉద్యోగానికి ఇప్పుడు మహా గిరాకీ.

ఈ చార్టంటే హెడ్మిస్ట్రెస్ గారికి గిట్టదు. ఇన్‌స్పెక్టరు గారు తనిఖీకి వచ్చే రోజు కావడంతో, గంట కొట్టకముందే గదిలోకి వచ్చి ఆ మాట తేల్చేసింది.

"చూడమ్మా, పిల్లలు చదువుకోడానికొస్తారు, కొలువులు చెయ్యడానిక్కాదు. ఇవాళ ఒక్క పొరపాటు జరిగిందా, సాయంత్రానికి ఈ చార్టు గోడ దిగాల్సిందే."

"జరగదు మేడం. ఎవరి పని వాళ్ళకి బాగా తెలుసు."

"ఏం తెలుసు, నా మొహం! పారేసుకున్న వస్తువులు దాచే పెట్టె ఆ గాలిపటానికి అప్పజెప్పావు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టు లేదూ?"

గాలిపటం అంటే మూడో బెంచీలో కూర్చునే పిల్ల. ఆ పేరు పిల్లలు పెట్టిందే. నీళ్ళ సీసాలు, పెన్సిళ్ళు, జేబురుమాళ్ళు పారేసుకోవడం సరే, ఒకసారి పుస్తకాల సంచీ మొత్తం బళ్ళోనే వదిలేసి చేతులూపుకుంటూ ఇంటికి వెళ్ళిపోయింది. రోజూ సాయంత్రం వాళ్ళ నాన్న గేటు దగ్గరికి వచ్చి, దణ్ణం పెట్టినంత పని చేసి, "ఇవాళేం పారేసింది టీచర్?" అని అడిగేవాడు. ఆ పిల్ల తల వంచుకుని నేల చూపులు చూసేది.

అందుకే టీచరు పంతం పట్టి ఆ పెట్టె దానికే ఇచ్చింది. మెడలో తాడుకు తాళంచెవి, చంకలో ఒక నోటుపుస్తకం. నిబంధనలు రెండూ గాలిపటం తనే రాసుకుంది. దిక్కూ మొక్కూ లేకుండా పది నిమిషాలు పడి ఉన్న ఏ వస్తువైనా పెట్టెలోకి పోవాలి. తిరిగి కావాలంటే దాని గురించి మూడు గుర్తులు చెప్పి సంతకం పెట్టాలి. మూడు వారాలైంది, గాలిపటం ఒక్క పెన్సిలు కూడా పారేసుకోలేదు. చార్టు గోడ దిగితే ఆ మెడలో తాళంచెవి కూడా దిగుతుంది. టీచరు బెంగల్లా అదే.

ఇన్‌స్పెక్టరు గారు పదింటికి వచ్చారు. చేతిలోని నల్ల బ్యాగు చివరి బెంచీ మీద పెట్టి, పిల్లల చేత రెండు ఎక్కాలు చెప్పించుకుని సంతోషించారు. ఈలోగా హెడ్మిస్ట్రెస్ గారు, "మన గ్రంథాలయం చూద్దురుగాని రండి సార్!" అంటూ ఆయన్ని లాక్కుపోయింది. బ్యాగు బెంచీ మీదే ఉండిపోయింది. గాలిపటం గోడ గడియారం వైపు చూసింది.

పావుగంటకి ఇద్దరూ తిరిగొచ్చారు. ఇన్‌స్పెక్టరు గారు చివరి బెంచీ చూసి, కింద చూసి, హెడ్మిస్ట్రెస్ గారి చెవిలో ఏదో ఊదారు. ఆవిడ మొహం పాలిపోయింది.

"ఏమైనా కావాలా మేడం?" అని బోర్డు దగ్గర్నుంచి టీచరు అడిగింది.

"ఏం లేదు, ఏం లేదు! నువ్వు పాఠం చెప్పుకో." తరువాత గొంతు తగ్గించి, "ఎవరితోనూ అనకండి సార్, బడి పరువు పోతుంది. దొంగెవడైనా ఇంకా గేటు దాటి ఉండడు" అంది.

"పిల్లల్నోసారి అడిగితే..." అని నసిగారు ఇన్‌స్పెక్టరు గారు.

"పిల్లలకేం తెలుసు సార్!"

ఆ మాటన్న నోటితోనే ఆవిడ వరండాలోకి వెళ్ళి, గంట దగ్గరున్న బంట్రోతుతో, "వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చి గేటు వెయ్యాలి, కొట్టు గంట! నే చెప్పేదాకా ఆపకు!" అంది. తిరిగొచ్చి ఇన్‌స్పెక్టరు గారితో పాటు గది చివర ఉన్న బీరువా వెనకాల దూరి వెతకడం మొదలుపెట్టింది.

ఆగకుండా మోగే గంట అంటే అగ్నిప్రమాదం అని కిందటి నెల బడి మొత్తానికీ నేర్పింది ఆవిడే. కంగారులో ఆ సంగతి ఆవిడకి తట్టలేదు. మూడో తరగతికి మాత్రం బాగా గుర్తుంది.

"పొడుగు గంట! వరస!" అని కేకపెట్టాడు వరసవాడు.

హాజరుపట్టీ చేత్తో పట్టుకుని అందరికంటే ముందు నడవడం టీచరు పని, నడిచింది. కిటికీల పిల్ల కిటికీలు మూసింది. లైట్లవాడు లైట్లూ ఫ్యాన్లూ ఆపాడు. తలుపువాడు గుమ్మంలో నిలబడి ఒక్కో తలనీ వేలితో లెక్కపెట్టాడు. ఇరవై ఎనిమిది మంది పిల్లలు, ఒక టీచరు. లెక్క సరిపోయింది. తలుపు లాగి బయట గడియ పెట్టాడు.

ఆవరణలో మిగతా తరగతులు సంతలా ఉన్నాయి. నాలుగో తరగతి చెట్టు చుట్టూ పరుగెడుతోంది, రెండో తరగతి ఏడుస్తోంది, అయిదో తరగతి వాళ్ళ టీచర్ని వెతుకుతోంది. మూడో తరగతి ఒక్కటే గీత గీసినట్టు నిలబడింది. పొగ ఎక్కడా లేదు. ఇంతలో తమ గది తలుపు దబదబా మోగింది.

"ఎవర్రా బయట! తలుపు తియ్యండి!"

అందరూ తలుపు దగ్గరికి పరుగెత్తారు. తలుపువాడు గడియకి అడ్డంగా నిలబడ్డాడు. "పొడుగు గంట కొట్టాక హెడ్మిస్ట్రెస్ గారు చెప్తే తప్ప తలుపు తియ్యకూడదు."

"నేనేరా హెడ్మిస్ట్రెస్‌ని!"

"మీరు హెడ్మిస్ట్రెస్ గారైతే అందరికంటే ముందు బయట ఉండాలి కదండీ?"

లోపల ఎవరో మగమనిషి ఆపుకోలేక నవ్వారు. టీచరుకి విషయం అర్థమైంది. చార్టు ఇక కిందికి దిగినట్టే అనుకుంది.

"తియ్యి నాన్నా, పూచీ నాది" అంది నీరసంగా.

తలుపు తెరుచుకుంది. నెత్తి మీద బూజుతో హెడ్మిస్ట్రెస్ గారు, మోకాళ్ళకి దుమ్ముతో ఇన్‌స్పెక్టరు గారు బయటికొచ్చారు. ఆవిడ చెయ్యి ఊపాక గానీ బంట్రోతు గంట ఆపలేదు.

"చూశావా నీ ఉద్యోగస్థుల నిర్వాకం!" అని హెడ్మిస్ట్రెస్ గారు విరుచుకుపడింది. "అవతల సార్ బ్యాగు పోయి మేం చస్తుంటే..."

"నల్ల బ్యాగా సార్?" వెనకనుంచి సన్నగా వినిపించింది. "పోలేదు. నా పెట్టెలో ఉంది."

అంతా అటు తిరిగారు. గాలిపటం నోటుపుస్తకం తెరిచింది. "పది నిమిషాలు దాటిందని లోపల పెట్టాను. లోపలేమున్నాయో మూడు చెప్పండి సార్, ఇచ్చేస్తాను."

"ముందు తాళం తియ్యవే!" అని హెడ్మిస్ట్రెస్ గారు అరిచింది.

గాలిపటం తాళంచెవిని గుప్పిట్లో బిగించి టీచరు వైపు చూసింది. 'ఇచ్చెయ్యమ్మా' అంటే చాలు, గొడవ అక్కడితో సరి. చార్టు కూడా దక్కుతుందేమో. కానీ ఆ మాటంటే ఆ మెడలో తాళంచెవికి ఇక విలువేముంటుంది?

"నిబంధన నీది. నువ్వెలా అంటే అలాగే" అంది టీచరు.

ఇన్‌స్పెక్టరు గారు ఆ పిల్ల ముందు గొంతుక్కూర్చున్నారు. "కళ్ళజోడు పెట్టె. తనిఖీ కాగితాలు. మూడోది... అబ్బే, గుర్తు రావట్లేదు తల్లీ."

"పర్లేదు సార్. నాక్కూడా మొదట్లో అంతే" అంది గాలిపటం అనునయంగా. "పొద్దున ఇంట్లోంచి బయల్దేరిన కాడ్నించీ ఒక్కోటీ తల్చుకుంటూ రండి, అదే వస్తుంది."

ఆయన కళ్ళు మూసుకున్నారు. చివరికి ఆయన మొహం ఎర్రబడింది. "మా ఆవిడ రాసి పెట్టిన చీటీ."

"ఏం రాసుంది సార్?"

"బ్యాగు ఎక్కడా వదిలేసి రాకండి అని."

గాలిపటం లోపలికెళ్ళి పెట్టె తెరిచి, చీటీ సరిచూసి, సంతకం పెట్టించుకుని బ్యాగు చేతికిచ్చింది. ఇన్‌స్పెక్టరు గారు అక్కడే నిలబడి కాగితాలు తీసి రాశారు. పొడుగు గంట మోగినప్పుడు ఎవరేం చెయ్యాలో తెలిసిన గది ఇదొక్కటేనని, ఇలాంటి చార్టు ప్రతి గదిలోనూ ఉండాలని.

"నేను మొదట్నుంచీ అదే చెప్తున్నాను సార్" అంది హెడ్మిస్ట్రెస్ గారు బూజు దులుపుకుంటూ.

సాయంత్రం గేటు దగ్గర గాలిపటం వాళ్ళ నాన్న అలవాటు కొద్దీ చేతులు జోడించబోయాడు. "ఇవాళేం పారేసింది టీచర్?"

"మీ అమ్మాయేం పారెయ్యలేదండీ. ఒక పెద్దాయన పారేసుకుంటే జాగ్రత్త చేసి ఇచ్చింది" అంది టీచరు. ఆయన వంగి కూతురి మెడలో తాళంచెవి తాడు సరిచేశాడు. గాలిపటం తలెత్తుకునే నడిచి వెళ్ళింది.

మర్నాడు ఆఫీసు గదికి కూడా చార్టు కావాలని హెడ్మిస్ట్రెస్ గారు కబురు పంపితే, మూడో తరగతి వాళ్ళే కూర్చుని తయారుచేసి ఇచ్చారు. అందులో ఆవిడ ఉద్యోగం ఎదురుగా గుండ్రటి అక్షరాలతో ఇలా రాసి ఉంది: "గంట తప్ప ఏదైనా."