పేరు కొట్టిన హార్డ్ డిస్కు

పాత కంప్యూటర్ ప్రాణం పోయిన రోజున భిక్షపతి చేతికి దక్కింది ఒక్క హార్డ్ డిస్కు. అరచేతిలో ఇమిడే ఇనప పెట్టె. దాన్ని కొత్త కంప్యూటర్లో పెట్టించి తీరాలన్న పట్టుదల మాత్రం ఆయన సొంత పెట్టుబడి.

దిల్‌సుఖ్‌నగర్ సందులో ఆయనది స్టీలు సామాన్ల దుకాణం. పాత గిన్నె తెస్తే తూకం వేసి కొత్త గిన్నె ఇస్తాడు. ఏళ్ల తరబడి ఇదే చేసీ చేసీ, లోకంలో పనికిరాని వస్తువంటూ లేదని, తూకం తెలియని మనుషులే ఉన్నారని గట్టి నమ్మకం కుదిరింది. పెళ్లిచూపులకు వేసుకున్న చొక్కా ఇప్పటికీ ఆ ఇంట్లో కొలువు చేస్తూనే ఉంది, స్కూటర్ తుడిచే గుడ్డగా.

ఆయన భార్య సూర్యప్రభ ఎల్బీనగర్‌లోని ఇంట్లో, ముందు గదిలో కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్ నడుపుతుంది. కంప్యూటర్లో గీసిన డిజైన్‌ను మిషన్‌కిస్తే, జాకెట్ చేతుల మీద నెమలి దానంతట అదే వచ్చి కూర్చుంటుంది. ఆ నెమళ్లు, హంసలు, మామిడి పిందెలు అన్నీ ఆమె ఏళ్లుగా కూర్చుని గీసుకున్నవి. అన్నీ ఆ డిస్కులో ఉన్నాయి. శ్రావణం దగ్గరపడింది. హయత్‌నగర్ నుంచి అంబిక అనే పెళ్లికూతురు వచ్చి, ఇంటిల్లిపాదికీ నెమళ్లే కావాలని జాకెట్ల మూట ఇచ్చిపోయింది.

"తెస్తే మొత్తం కొత్తదే తేవాలె," అంది సూర్యప్రభ. "లోపలి డిస్కు గూడ కొత్తదే. పాతదాంట్ల ఉన్న డిజైన్లు దాంట్లకు ఎక్కించుకొని రాండి."

"మొత్తం కొత్తదే," అని మాట ఇచ్చాడు భిక్షపతి. ఇస్తున్నప్పుడే మనసులో తరుగు తీసేశాడు. కంప్యూటర్ డబ్బాకు మూత ఉంటుంది. మూత కింద ఉన్నది పాతదో కొత్తదో స్క్రూలు విప్పి చూసేదెవరు?

కంప్యూటర్ల కొట్టు చక్రపాణిది. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. డిస్కు లేకుండా కంప్యూటర్ కట్టమని, పాతది తాను తెస్తానని భిక్షపతి చెప్పగానే అతను గడ్డం గోక్కున్నాడు. పెట్టడానికైతే పెట్టొచ్చట. కాని ముసలిదైపోయింది, నెమ్మదిగా నడుస్తుందట. ముందు ఒక కాపీ అయినా తీయించుకోమన్నాడు.

"ఒక గిన్నెల పప్పు ఇంకో గిన్నెల పోసుడుకు గూడ కిరాయి తీస్కుంటవా?" అన్నాడు భిక్షపతి. "ఉన్న గిన్నెనే పొయ్యి మీద పెట్టు."

చక్రపాణి సరేనన్నాడు. భిక్షపతికి మాత్రం దారి పొడుగునా ఒకటే పురుగు తొలిచింది. డిస్కును కొట్లో వదిలేస్తే, ఇంత మంచి పాత డిస్కును చక్రపాణి ఎవరి చెడిపోయిన డిస్కుతోనో మార్చేస్తే?

ఈ జబ్బుకు మందు ఆయన దుకాణంలోనే ఉంది. కొన్న గిన్నె పక్కింటికి పోయి తిరిగి రావాలంటే దాని మీద పేరు ఉండాలి. అందుకు కరెంటుతో నడిచే పెన్నులాంటి మిషన్ ఒకటి ఉంటుంది. స్విచ్ వేస్తే తుమ్మెదలా ఝుమ్మంటూ, వణుకుతూ, స్టీలు మీద అక్షరాలు పొడుస్తుంది. ఒకసారి పొడిస్తే అంతే. గల్లా పెట్టె పైన ఎర్ర అక్షరాల బోర్డు కూడా ఉంది: పేరు కొట్టిన సామాను వాపసు తీసుకోబడదు.

భిక్షపతి డిస్కును బల్ల మీద పెట్టి స్విచ్ వేశాడు. అది చేపలా ఎగిరెగిరి పడుతుంటే ఎడమ చేత్తో అదిమి పట్టాడు. కె. భిక్షపతి, ఎల్బీనగర్ అని లోతుగా కొట్టాడు. ఇంకా చోటు మిగిలింది. చోటు వదిలేయడం నష్టం కనుక, వెనక్కి తిప్పి అటు కూడా కొట్టాడు. పెళ్లి కానుకలకు వేసే అలవాటు కొద్దీ చివర ఒక పువ్వు కూడా వేశాడు.

మరునాడు చక్రపాణి డిస్కును బిగించి కంప్యూటర్‌కు కరెంటిచ్చాడు. లోపల టక్కుమంది. కాసేపాగి మళ్లీ టక్కుమంది. తెర మీద మాత్రం చీకటే. చక్రపాణి డిస్కును బయటికి తీసి ఇటూ అటూ తిప్పాడు.

"ఇదేంటండీ?"

"నా పేరు."

"దేంతో రాశారండీ?"

భిక్షపతి చెప్పాడు. చక్రపాణి ఆ పువ్వు మీద వేలు రాసి చూశాడు. లోపల పళ్లెం లాంటి బిళ్ల ఒకటి తిరుగుతుందని, సూది దాని మీద వెంట్రుకవాసి ఎడంలో కదలాలని, దాన్ని ఊపడమే పాపమని, ఈయన ఊపడం కాదు, భూకంపమే పెట్టాడని మర్యాదగా చెప్పాడు.

ఇంటికి వచ్చి, కంప్యూటర్‌కు ఇంకా టైం పడుతుందని భార్యకు చెప్పాడు భిక్షపతి. ఆమె సరేనంది. అంత తేలిగ్గా సరేననడం ఆయనకు మంచి శకునంగా తోచింది.

ఓటమి ఒప్పుకునే రకం కాదాయన. నీళ్లలో పడ్డ ఫోను బియ్యంలో పెడితే బతుకుతుందని విన్నాడు. డిస్కును బియ్యం డబ్బాలో పాతిపెట్టాడు. లాభం లేదు. చల్లబరిస్తే సూది సర్దుకుంటుందని మార్కెట్లో ఎవరో అన్నారు. పాలిథిన్ సంచీలో చుట్టి ఫ్రిజ్‌లో, పెరుగు గిన్నె వెనకాల దాచాడు.

పొద్దున సూర్యప్రభ పెరుగు తీయబోయి ఆగింది. "ఫ్రిజ్‌ల గిదేంది?"

"డిస్కు. మొన్నటి ఎండాకాలం వేడికి కమిలింది. జర సల్లబడనీ."

"బియ్యంల గూడ గిదే ఉండెనా? నిన్న గ్లాసు ముంచితె ఖంగుమన్నది."

"తేమ గుంజనీకి పెట్టిన."

"ముందు తేమ గుంజి, తర్వాత ఫ్రిజ్‌ల పెడితె మళ్ల తేమ ఎక్కదా?"

ఈ సంగతి ఆయనకు తట్టలేదు. ఆమె పెరుగు గిన్నె తీసుకుని, డిస్కును మళ్లీ జాగ్రత్తగా లోపలికి జరిపి తలుపు వేసింది.

చివరికి పోయిన డేటా తీసిచ్చేవాడు మలక్‌పేటలో ఉన్నాడని తెలిసి, దుకాణానికి తాళం పెట్టి అక్కడికి పోయాడు. అతను డిస్కును లైటు కింద తిప్పి చూసి, ఇది లేవదని చెప్పేశాడు. పువ్వు మాత్రం ఎవరు వేశారోగాని చేయి బాగుందన్నాడు.

తిరుగు దారిలో భిక్షపతికి మెట్రో స్తంభాలన్నీ ఒకే మాట అడుగుతున్నట్టు అనిపించింది. అంబిక పెళ్లికి నెమళ్లేవి? సూర్యప్రభ ఏళ్ల కష్టం మీద తాను పేరు కొట్టుకుని మరీ చంపేశాడు. ఇక చెప్పేయడమే. ఎల్బీనగర్ చౌరస్తా దాటేసరికి నాలుగు రకాల క్షమాపణలు సిద్ధం చేసుకున్నాడు. అన్నీ చక్రపాణి తప్పుతోనే మొదలయ్యాయి.

గుమ్మంలో కాలు పెట్టగానే మిషన్ చప్పుడు. జాకెట్ చేతి మీద మెడ వెనక్కి తిప్పిన నెమలి సగం దిగి ఉంది. సూర్యప్రభ దారం మారుస్తోంది.

"గీ డిజైన్ యాడికెల్లి ఒచ్చిందే?"

ఆమె లేచి వంటింట్లోకి పోయి మెంతుల డబ్బా తెచ్చింది. మెంతుల్లోంచి ఒక పెన్‌డ్రైవ్ పైకి తీసింది. పాత కంప్యూటర్ మొరాయించడం మొదలుపెట్టిన రోజుల్లోనే అన్నీ ఇందులో ఎక్కించుకుందట.

"మెంతులల్లెందుకే?"

"మెంతులంటె మీకు చేదు. ఇంట్ల మీరు మూత తియ్యని డబ్బా గిదొక్కటే."

"మరి కంప్యూటర్?"

మూల బల్ల మీద కప్పి ఉన్న చీర తొలగించింది. కొత్త కంప్యూటర్, కొత్త డిస్కుతో సహా. "మీరు పాతదాన్ని ఫ్రిజ్‌ల పెట్టిననాడే తెప్పించిన. చక్రపాణి వాళ్లావిడ జాకెట్ నా దగ్గరనే ఉన్నది. ఆయన నాకు చెప్పకుంట యాడికి పోతడు?"

"అన్ని తెలిసి, నాకు ఒక్క మాట చెప్పలేదేందే?"

"మీరు చెప్తరేమోనని చూసిన."

చక్రపాణి తప్పుతో మొదలయ్యే క్షమాపణలు నాలుగూ పనికిరాకుండా పోయాయి. చూపు తిప్పుకోబోతే కంప్యూటర్ డబ్బా పక్క మీద చూపు ఆగింది. అక్కడ సూర్యప్రభ అని కొట్టి ఉంది. కింద పువ్వు. అక్షరాలు తన దుకాణంలోని మిషన్‌వే.

"మీరు మలక్‌పేట పోయినప్పుడు, ఇంట్ల ఉన్న రెండో తాళంచెవితోని దుకాణం తీసిన," అంది ఆమె. "డబ్బా పక్క రేకు ఊడదీసి తీస్కపోయి కొట్టిన. అన్ని లోపల పెట్టుకొని కొట్టేటంత అమాయకురాలిని గాదు."

ఓడినా వ్యాపారి వ్యాపారే. పాత డిస్కును చక్రపాణికి మార్పిడి కింద ఇస్తే ఎంతో కొంత తగ్గిస్తాడేమోనన్నాడు.

"తీస్కోడు," అంది సూర్యప్రభ, సూదిలో దారం ఎక్కిస్తూ. "పేరు కొట్టిన సామాను వాపస్ లేదు. మీ గల్ల మీదనే రాసి ఉన్నది."

అంబిక పెళ్లి నెమళ్లతో సహా బాగా జరిగింది. లెక్క తేల్చుకుంటే ఆ ఇంటికి ఒక కొత్త కంప్యూటర్ వచ్చింది, అది ఆమె పేరు మీద ఉంది. భిక్షపతి పేరు మీద ఉన్నది ఇప్పుడు దుకాణంలో, ఫ్యాను గాలికి బిల్లులు ఎగిరిపోకుండా కూర్చుని ఉంటుంది. పాత గిన్నెలు తెచ్చినవాళ్లు అదేమిటని అడిగితే, తూకానికి రాదని చెప్పి పువ్వున్న వైపు కిందికి తిప్పుతాడు.