చిన్నబాబాయి నోరు విప్పిన రోజు

ఆ ఉదయం ఆయన వేసుకున్న ప్లానులో వంక పెట్టడానికేమీ లేదు. ముందు పళ్ల డాక్టరు దగ్గర పుచ్చుపన్ను పూడ్పించుకోవడం, పదకొండింటికల్లా డబ్బింగ్ స్టూడియోలో ఉండటం. టీవీ సీరియల్లో చిన్నబాబాయి పాత్రకి గొంతు ఆయనదే. అన్నగారి కారు తాళాలు బావిలో ఎందుకు పారేశాడో చిన్నబాబాయి బయటపెట్టే సీను ఇవాళే చెప్పాలి, సాయంత్రమే ప్రసారం. ఈయన ఏ కాస్త తడబడినా ఆ గొంతు లాక్కుందామని నిర్మాత మేనల్లుడు వేడినీళ్లు తాగి మరీ కాచుకుని ఉన్నాడు.

డాక్టరు చిగుళ్లకి మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, అది పట్టేలోగా నర్సుని కదిపాడు. "చిన్నబాబాయిది ఒట్టి కుళ్లు. అన్న బాగుపడితే ఓర్వలేక తాళాలు పారేశాడు."

"కుళ్లేంటండీ! ఆ కారుకి బ్రేకుల్లేవని తెలిసి అన్నగారిని కాపాడుకున్నాడు." నర్సు చేతిలో దూది నలిగిపోయింది.

"ఆ ముక్క నోరు తెరిచి చెప్పొచ్చుగా?"

"ఆ ఇంట్లో ఆయన మాట ఎవరు విన్నారు గనక? అందరూ మీలాంటివాళ్లేగా!"

డాక్టరు మొహం మాడిపోయింది. కుర్చీలో నోరు తెరుచుకుని ఉన్న మనిషి మీదికి వంగాడు. "మీరు చెప్పండి సార్, కుళ్లేనా, కాదా?"

ఆయనకి నిజం తెలుసు. డైలాగు నిన్ననే చేతికొచ్చింది. కానీ బయటికి పొక్కితే పని ఊడుతుంది, పైగా నోట్లో అద్దం ఉంది. "ఆ... ఆ..." అన్నాడు.

"విన్నావా? అవునంటున్నారు!"

"నొప్పికి అంటున్నారండీ!"

"నొప్పా? అయితే మత్తు చాల్లేదు," అని డాక్టరు రెండో ఇంజెక్షన్ పొడిచాడు. వద్దు మొర్రో అని ఆయన రెండు చేతులూ ఊపాడు. కుళ్లు కాదంటున్నాడనుకుని నర్సు చప్పట్లు కొట్టింది. ఇద్దరూ పాత ఎపిసోడ్లన్నీ తవ్వి పోసుకున్నాక డాక్టరు పనిలోకి దిగి, "ఇంతకీ మత్తు ఇచ్చానా?" అని అడిగాడు. అప్పటికే నర్సు డాక్టరుతో మాటలు మానేసి, మూతి ముడుచుకుని గోడవైపు తిరిగి ఉంది. మూడోదీ పడింది.

పన్నయితే పూడింది గానీ, మైకు ముందు నిలబడేసరికి ఆయన పెదాలు ఆయన మాట వినడం లేదు. ఇన్నేళ్లూ కూడు పెట్టిన గొంతు ఇవాళ్టితో చేజారినట్టేనని నిజంగానే ఏడుపొచ్చింది. మేనల్లుడు గొంతు సవరించుకున్నాడు. తెరమీద చిన్నబాబాయి అన్నగారి కాళ్లు పట్టుకున్నాడు. "అన్నయ్యా, నేనెందుకు చేశానంటే..." అనాలి. "అంయ్యా... యేయెంయుకు యేయానంయే..." అని వచ్చింది. ఆ తర్వాత వచ్చిందంతా గాలీ, చొంగానూ.

దర్శకుడు కళ్లు తుడుచుకుంటూ లేచాడు. "అబ్బ! పశ్చాత్తాపంతో మాట పెగలడం లేదు చూశారా! ఇదీ చిన్నబాబాయంటే!"

"కారణం ఒక్క ముక్క అర్థం కాలేదు కదండీ?" మేనల్లుడు నసిగాడు.

"కాకూడదయ్యా! మన రచయిత రాసిందేంటో తెలుసా? 'ఎందుకు చేశానో నాకే తెలీదన్నయ్యా' అని! అది గానీ అర్థమైతే జనం మన ఇళ్ల మీదికొస్తారు. సీరియల్ అయిపోయేదాకా ఈ గొంతే ఉండాలి, ఇలాగే ఉండాలి."

మర్నాడు ఆయన క్లినిక్కులో అడుగుపెట్టేసరికి వాదన మంచి జోరుమీద ఉంది. "కుళ్లేనని స్పష్టంగా ఒప్పేసుకున్నాడు, నా చెవులతో విన్నాను!" అంటున్నాడు డాక్టరు. "అన్నగారి కోసమేనని కుమిలి కుమిలి చెప్పాడండీ పాపం!" అంటోంది నర్సు.

ఆయన బుద్ధిగా కుర్చీలో కూర్చుని, మళ్లీ మత్తు ఇంజెక్షన్ కావాలని చెప్పి నోరు తెరిచాడు. పళ్లన్నీ చూసి డాక్టరు తెల్లబోయాడు. "అన్నీ బాగానే ఉన్నాయే! ఇంజెక్షన్ ఏ పంటికివ్వను?"

"మీ ఇష్టం డాక్టరుగారూ," అన్నాడాయన, "మూడుండాలి, అంతే."