వెయ్యి సీసీ వినయం

"నా ప్రజల బండికి ఎంత ఇంజనో, నా బండికీ అంతే ఇంజను. అంగుళం కూడా ఎక్కువ ఉండదు!" అని పెద్రా ఎంపినాదా పట్టణ మేయరు బెలార్మినో గారు ఆఫీసు బాల్కనీ నుంచి ప్రకటించారు. ఇంజన్ని అంగుళాల్లో కొలవరని పక్కనే నిలబడ్డ వాల్దెసీర్‌కి తెలుసు. కానీ అతను మేయరు గారి ముఖ్య కార్యదర్శి. కాబట్టి అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు.

మేయరు గారి పాత కారు మూలపడింది. కొత్త సెడాన్ కొనాలి. షోరూములో ఒకే కారు రెండు ఇంజన్లతో దొరుకుతోంది. ఒకటి వెయ్యి సీసీ, రెండోది రెండు వేలు. పైకి రెండూ అచ్చు గుద్దినట్టు ఒకటే. తేడా అల్లా డిక్కీ మీద అంటించిన అంకెలో ఉంది: 1.0, 2.0. బ్రెజిల్‌లో వెయ్యి బండికి పన్ను తక్కువ. బడిపంతుళ్లూ నర్సులూ కొట్లో గుమాస్తాలూ తిరిగేది దాంట్లోనే. అక్టోబరులో ఎన్నికలు. ఆ చిన్న అంకెకున్న బరువు మేయరు గారికి ఒకరు చెప్పాల్సిన పని లేదు.

చిక్కల్లా వీధితోనే వచ్చింది. ఊరికి పెద్ద వీధి ఒకటే. అది గోడకి నిచ్చెన వేసినట్టు కొండెక్కుతుంది. కింద ఇళ్లు. పైన మున్సిపల్ ఆఫీసు, ఆసుపత్రి, సుప్రసవ మాత చర్చి. షోరూము వాళ్లు ట్రయల్‌కి పంపిన వెయ్యి బండిలో మేయరు గారు తన కమిటీతో సహా కూర్చున్నారు. మేయరు గారిది నిండైన విగ్రహం. కొండ సగంలో ఉన్న మందుల షాపు దాకా వచ్చి బండి దగ్గింది, నిట్టూర్చింది, ఆగిపోయింది.

"దిగండి" అన్నారు మేయరు గారు.

"ఎవరం సార్?"

"నేను కాక మిగతావాళ్లు."

ఆ సాయంత్రం ఆయన గది తలుపు వేసుకుని వాల్దెసీర్‌ని కూర్చోబెట్టారు. "మాటిచ్చింది వెయ్యికి. ఆ కొండ అడిగేది రెండు వేలు. ఇప్పుడేం చెయ్యమంటావురా?"

వాల్దెసీర్ గొంతు తగ్గించాడు. "అయ్యా, జనం ఇంజను చూడరు. అంకె చూస్తారు."

మేయరు గారి కళ్లు చెమర్చాయి. ఇంత లోతైన మాట ఆయన పార్టీ మహాసభల్లో కూడా వినలేదు. "సరే, కానియ్. ఇది గనక బయటికి పొక్కిందా, నా కుర్చీ పోతుంది. దానికంటే ముందు నీ కుర్చీ పోతుంది."

రెండు వేల బండి వచ్చింది. అంకె ఊడదీయాలంటే జిగురు మెత్తబడాలి. వాల్దెసీర్ ఇంట్లో భార్య జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్ ఉంది. ఆవిడ పోయాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. స్విచ్ వెయ్యగానే అది గుర్రుమంటూ పని చేసింది. ఎందుకో అతనికి కాస్త ధైర్యం వచ్చింది. 2.0 ఊడింది, 1.0 అతుక్కుంది.

మొదటిరోజు డ్రైవరు తోన్యో మేయరు గారిని ఒక్క ఊపులో కొండెక్కించాడు. పైన ప్రతిపక్ష కౌన్సిలరు జుల్మీరా గారు నడుం మీద చేతులు వేసుకుని నిలబడి ఉన్నారు. ఆవిడదీ వెయ్యి బండే.

"ఏమయ్యా తోన్యో, నీ బండికి ఏం తాగిస్తున్నావు? చెప్పు, నాదానికీ అదే పోస్తాను."

వాల్దెసీర్ అడ్డుపడ్డాడు. "అంతా ప్రజల ఆశీర్వాదం అమ్మా."

"నాకూ ఓట్లేసింది ప్రజలేగా! మరి నాది మందుల షాపు దగ్గర చతికిలబడుతుందేం?"

మర్నాటి నుంచి మేయరు గారి బండి కూడా మందుల షాపు దగ్గరే చతికిలబడటం మొదలెట్టింది. సరిగ్గా అక్కడికి రాగానే తోన్యో తాళం తిప్పి ఇంజను ఆపేవాడు. వాల్దెసీర్, ఇద్దరు గుమాస్తాలు దిగి తోసేవారు. పెద్ద ఇంజను కదా, బరువూ పెద్దదే. మేయరు గారు మాత్రం కిటికీలోంచి వినయంగా చెయ్యి ఊపేవారు.

ఊరు కరిగిపోయింది. "పాపం, మనలాగే మనిషి!" అంటూ జనం వచ్చి తలో చెయ్యీ వేశారు. దారి మధ్యలో భోజన హోటలు నడిపే ఎర్మెలిండా గారు కాఫీ ఫ్లాస్కుతో నిలబడేవారు. ఒకరోజు వాల్దెసీర్ కోటు జేబులో వేడివేడి జున్ను రొట్టె పడేసి, ఏమీ ఎరగనట్టు లోపలికి వెళ్లిపోయారు. ఆ రోజు బండి అంత బరువుగా అనిపించలేదతనికి. చివరికి జుల్మీరా గారు కూడా చీర కొంగులా శాలువా దోపుకుని భుజం ఆనించారు. "పార్టీలు వేరైతే ఏం, ఎక్కాల్సిన కొండ ఒకటేగా!"

ఇంతలో ఒక వానరోజు కింది ఇళ్లలో ఉండే నిండు చూలాలు లుసీనియాకి నొప్పులొచ్చాయి. ఊరి అంబులెన్సు ఏనాడో పాడైంది. మేయరు గారి కోసం కిందికి వస్తున్న బండిని ఆపి ఆమెను వెనకసీట్లో ఎక్కించారు. మందుల షాపు రాగానే అలవాటుకొద్దీ తోన్యో చెయ్యి తాళం మీదికి పోయింది. ముందుసీట్లో ఉన్న వాల్దెసీర్ కాలరుని లుసీనియా వెనకనుంచి పట్టుకుని బిగించింది.

"బాబాయ్! నువ్వు తోసేదాకా నా కడుపులో వీడు ఆగేట్టు లేడు!"

వాల్దెసీర్‌కి తన కుర్చీ ఒక్కసారి కళ్లముందు కదిలింది. "తొక్కరా!" అన్నాడు.

బండి నీళ్లు చిమ్ముకుంటూ కొండెక్కేసింది. ఊరంతా గుమ్మాల్లో నిలబడి చూసింది. మగపిల్లాడు. తల్లీబిడ్డా క్షేమం. వాల్దెసీర్ ఇక కుర్చీ పోయినట్టేనని ఆఫీసుకి వెళ్లి బల్ల మీది తన కాఫీ కప్పు కాగితంలో చుట్టుకున్నాడు.

ఆదివారం ప్రార్థనలో ఫాదర్ ఆన్సెల్మో రెండు చేతులూ పైకెత్తారు. "నిండు చూలాలితో వెయ్యి బండి దగ్గకుండా కొండెక్కింది! సుప్రసవ మాత తొయ్యలేదూ?"

జనం ఏడ్చారు. మేయరు గారు అందరికంటే బాగా ఏడ్చి, అక్కడే వాల్దెసీర్‌ని కౌగిలించుకుని చెవిలో "కప్పు బయటికి తియ్యరా" అన్నారు.

కారుని చర్చి ఆవరణలో పెట్టి రిబ్బన్లు కట్టారు, కొవ్వొత్తులు వెలిగించారు. తాళం ఫాదర్ మాత పాదాల దగ్గర ఉంచారు. తర్వాత కొత్త అంబులెన్సు ప్రస్తావన వచ్చింది. డాక్టరు రెండు వేల ఇంజను అడిగాడు. జుల్మీరా గారు లేచారు. "వెయ్యి చాలని మాతే చూపించాక ఇంకా రెండు వేలు అడగటం నాస్తికత్వం!" తీర్మానం ఏకగ్రీవం. మొదట చెయ్యెత్తాల్సి వచ్చింది మేయరు గారికే.

ఆ అంబులెన్సుకి తొలి బేరం కూడా ఆయనే. మూత్రపిండంలో రాయి. మందుల షాపు దగ్గర బండి దగ్గింది, నిట్టూర్చింది, ఆగిపోయింది. ఈసారి తాళం ఎవరూ తిప్పలేదు.

వాల్దెసీర్ రొప్పుతూ చర్చికి పరిగెత్తాడు. "ఫాదర్, ఆ కారు ఒక్కసారి ఇవ్వండి!"

"ఎందుకు నాయనా? అదీ వెయ్యే, ఇదీ వెయ్యే. మొక్కుబడి బండిని కదిలిస్తే లాభమేముంది? విశ్వాసంతో తొయ్యమను."

వాల్దెసీర్ కిందికి వచ్చి అంబులెన్సు వెనక తలుపు తీసి మేయరు గారి చెవి దగ్గర వంగాడు. "అయ్యా, ఫాదర్‌కి నిజం చెబితే కారు ఇచ్చేస్తారు. చెప్పమంటారా?"

మేయరు గారు పక్క పట్టుకుని మెలికలు తిరుగుతున్నారు. బయట జనం చొక్కా చేతులు పైకి మడుచుకుంటున్నారు. అందరికంటే ముందు జుల్మీరా గారు.

"ఎన్నికలు ఎప్పుడురా?"

"వచ్చే ఆదివారం అయ్యా."

మేయరు గారు కళ్లు మూసుకున్నారు. పళ్లు బిగించారు.

"తొయ్యమను."