పైటచెంగు మీద వ్యాకరణం

ఆ సోమవారం పొద్దున సుందరం వేసుకున్న పథకం చాలా చిన్నది. సద్దిసంగటి మజ్జిగలో పిసుక్కొని తాగాలి, మగ్గం నేసే రామలింగప్ప ఇంటికి పోవాలి, తన వ్యాకరణం కాగితానికి కొత్త దారాలు కట్టించుకోవాలి. సరిగ్గా వారానికి, పై సోమవారం, బడికి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు.

పెన్న ఒడ్డున ఉన్న ఆ నేతగాళ్ళ ఊర్లో, మిషను బడిలో, ఇంగ్లీషు చెప్పే అయ్యవారు సుందరం. చెప్పడమైతే చెబుతాడు గాని, ఇంగ్లీషు వ్యాకరణానికీ అతనికీ పుట్టిననాటినుంచీ పొత్తు కుదరలేదు. మాటలన్నిటినీ ఎనిమిది కులాలుగా విడదీశారని, వాటిని పార్ట్స్ ఆఫ్ స్పీచ్ అంటారని అతనికి తెలుసు. ఏ మాటది ఏ కులమో చెప్పమంటేనే నోరు పెగలదు. ఆ ఊర్లో మనుషుల కులం నడక చూసి చెప్పేవాళ్ళు వీధికి నలుగురున్నారు. ఈ విషయంలో వాళ్ళూ ఏమీ సాయం చేయలేకపోయారు.

పోయిన యేడు ఇన్‌స్పెక్టరు వచ్చి 'బాయ్' అన్న మాట ఏ రకమని అడిగితే, ముప్పైమంది పిల్లలూ అయ్యవారి వైపు చూశారు, అయ్యవారు కిటికీ వైపు చూశాడు. వచ్చే యేటికి పిల్లలకు ఈ ఎనిమిదీ రాకుంటే అయ్యవారిని మార్చవలెనని ఇన్‌స్పెక్టరు తనిఖీ పుస్తకంలో రాసి పోయాడు. మారిస్తే సుందరం పోవలసింది పత్తికొండ దగ్గర తండ్రి చేనికి, వేరుశనక్కాయలు పెరకడానికి.

"చేనికి పోయేదానికి నాకేం బాధ లేదు. నువ్వు తలకాయ వంచుకొని పోతావే, అదీ నాకు బాధ," అంది అతని భార్య కృపమణి. ఆ మాట సుందరానికి ముల్లులా గుచ్చుకుంది. అప్పటినుంచి ఆలోచించి ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టాడు.

నేతగాళ్ళ పిల్లలకు ఇంగ్లీషు పేర్లు ఒంటబట్టకపోయినా రంగులు మాత్రం నిద్దట్లో లేపి అడిగినా వస్తాయి. నౌనుకు ఎరుపు, వెర్బుకు నీలం, అడ్జెక్టివుకు పసుపు, ఇలా ఎనిమిదింటికీ ఎనిమిది రంగులు పెట్టాడు. ఆ ఇన్‌స్పెక్టరు ఏ బడిలోనైనా ఒకే పాత వాచకంలోంచి ఆరే ఆరు వాక్యాలు అడుగుతాడని జిల్లా అంతా తెలిసిన రహస్యం. జమ్మలమడుగులో ఒక ముసలి అయ్యవారి కాళ్ళా వేళ్ళా పడి, ఆ ఆరు వాక్యాలూ మందపాటి కాగితం మీద రాసి, ప్రతి మాట కిందా దాని రంగు దారం ముక్క కట్టించుకొని వచ్చాడు. కాగితం గోడకు తగిలిస్తే పిల్లలు గడగడా అప్పజెప్పేవాళ్ళు. తీసేస్తే గురువూ శిష్యులూ సమానమే. మూడు నెలలు పిల్లల వేళ్ళు తగిలి తగిలి ఆ దారాలు సగం ఊడి, సగం వెలిసిపోయాయి.

సుందరం పోయేసరికి రామలింగప్ప నూలు తేవడానికి ప్రొద్దుటూరు పోయి ఉన్నాడు. అతని భార్య హనుమమ్మ వసారాలో రాట్నం ముందు కూర్చొని కండెలు చుడుతోంది.

"దీంట్లో ఉండే వరసలోనే కొత్త దారం పడాల, హనుమమ్మక్కా. ఒక్కటి గూడా తప్పకూడదు. సోమవారానికి కావాల," అన్నాడు సుందరం.

"సోమవారం ఏముండాది?"

"ఇన్‌స్పెక్టరు వస్తాండాడు. ఈసారి ఆయన పెండ్లాం గూడా వస్తాదంట, గండికోట చూడల్లని."

హనుమమ్మ అర్థమైనట్టు తల ఊపి కాగితం దూలం సందున దోపింది. సుందరం తేలికపడ్డ మనసుతో బడికి పోయాడు.

అతనికి తెలియని సంగతి ఒకటుంది. ప్రొద్దుటూరు షావుకార్లు కొత్తరకం పైటచెంగు కావాలన్నప్పుడు నేతగాడికి నోటితో చెప్పరు. కాగితానికి రంగు దారం ముక్కలు వరసగా కట్టి పంపిస్తారు. నేతగాడు దాన్ని మగ్గానికి కట్టుకొని, ఆ వరసలోనే పట్టెలు నేస్తాడు. ఎందుకిట్లా అని అడగడు. ఆ రాత్రి రామలింగప్ప ఇల్లు చేరాక హనుమమ్మ కాగితం చేతికిచ్చి, ఇన్‌స్పెక్టరమ్మ వస్తోందని, అయ్యవారు సోమవారానికి కావాలన్నాడని, వరస తప్పకూడదన్నాడని చెప్పింది. ఒక్క అక్షరం కల్పించలేదు. రామలింగప్పకు మొత్తం అర్థమైపోయింది. అయ్యవారి ఉద్యోగం ఊగులాడుతోందని ఊరందరికీ తెలిసిందే. ఇన్‌స్పెక్టరమ్మకు చీర పెట్టి గట్టెక్కాలని చూస్తున్నాడు పాపం, సిగ్గుపడి ఆ మాట ఆడమనిషితో చెప్పలేకపోయాడు.

కాగితం చూస్తే మాత్రం రామలింగప్పకు తల తిరిగింది. పసుపు పక్కన పసుపు, దాని పక్కన ఎరుపు, ఒకసారి వచ్చిన వరస మళ్ళీ రాదు. ముప్పై యేండ్లలో ఇంత తలాతోకా లేని చెంగు అతను చూడలేదు. అయినా చదువుకున్నవాళ్ళ ముచ్చట్లు చదువుకున్నవాళ్ళకే తెలుస్తాయనుకొని, గంధం రంగు నేల మీద, వాక్యానికీ వాక్యానికీ మధ్య నాలుగు వేళ్ళ జాగా వదులుతూ, చెంగు మొదలుపెట్టాడు.

గురువారం సుందరం కాగితం కోసం వచ్చాడు. మగ్గానికి కట్టిన కాగితాన్ని గుడ్డ కోసేదాకా విప్పకూడదని, విప్పితే ఇంటికి మంచిది కాదని రామలింగప్ప వాకిట్లోనే చెప్పి పంపేశాడు. నాలుగు దారం ముక్కలకు మగ్గమెందుకో సుందరానికి తోచలేదు. కులవృత్తి సంగతులు, మనకెందుకు అడగడం అనుకున్నాడు. ఇద్దరూ ఒకరి చదువును ఒకరు గౌరవించుకోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది.

ఆదివారం ప్రార్థన అయిపోయాక నేరుగా చర్చినుంచే రామలింగప్ప ఇంటికి పోయాడు. మగ్గం ఖాళీగా ఉంది. హనుమమ్మ మొహం మాత్రం వెలిగిపోతోంది.

"ఇంగ దిగులుపడాకప్పా. మా ఆయప్ప పొద్దున్నే ఇన్‌స్పెక్టరు దిగిన ముసాఫరు బంగళాకు పోయి, మా అయ్యవారు నేయించినాడమ్మా అని చెప్పి, చీర ఇన్‌స్పెక్టరమ్మ చేతికే ఇచ్చి వచ్చినాడు. ఆయమ్మ శానా సంతోషపడిందంట."

సుందరానికి చీర అన్న మాట అర్థం కావడానికి కొంతసేపు, దాని పర్యవసానం అర్థం కావడానికి ఇంకొంతసేపు పట్టింది. ఆ ఇన్‌స్పెక్టరు నిప్పులాంటి మనిషి. పోయిన యేడు ఒక బడిలో బుట్టెడు మామిడికాయలు పంపిన అయ్యవారికి, అవి మాగకముందే ఉద్యోగం రాలిపోయింది.

"మరి నా కాగితం?" అన్నాడు పీల గొంతుతో.

"గుడ్డతో పాటే పోయింది. మడతలో పెట్టి ఇచ్చినాం. ఎవురి కాగితం వాళ్ళకు పోవాల గదా. లేకుంటే అదే చెంగు ఇంగొకరికి నేస్తిమని మాటొస్తాది."

అంటే లంచమిచ్చిన నిందా మీద పడింది, చదువూ చేజారింది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. ఇంటికి వచ్చి కృపమణికి చెప్పాడు. ఆమె అటక మీదినుంచి ట్రంకుపెట్టె దించి దుమ్ము తుడిచింది.

సోమవారం పది గంటలకు ఇన్‌స్పెక్టరు ఒక్కడే తరగతిలోకి వచ్చాడు. గుంటూరు వైపు మనిషి, సన్నగా పొడుగ్గా ఉంటాడు, నవ్వడం ఉద్యోగానికి విరుద్ధమన్నట్టుంటాడు. వాచకం తెరిచి మొదటి వాక్యం చదివాడు. 'ద ఓల్డ్ మ్యాన్ వాక్స్ స్లోలీ.' ఒక్కొక్క మాటా ఏ రకమో చెప్పమన్నాడు. ముప్పైమంది పిల్లలూ కాగితం ఉండే గోడ వైపు చూశారు. అక్కడ మేకు ఉంది. ఇన్‌స్పెక్టరు నిట్టూర్చి పెన్ను మూత తిప్పాడు.

అప్పుడే ఎండకు తాళలేక ఇన్‌స్పెక్టరమ్మ లోపలికి వచ్చి, పక్కనున్న కుర్చీలో కూర్చొని, పైట ముందుకు తీసి ఒళ్ళో వేసుకుంది. ఆ చీర చూడగానే సుందరానికి పైప్రాణాలు పైనే పోయాయి. ముందు వరసలో కూర్చున్న రామలింగప్ప కూతురు అంజనమ్మ మాత్రం పక్కపిల్లను మోచేత్తో పొడిచింది. గుసగుస వరసలన్నీ దాటి గోడదాకా పోయింది.

"'ద' అడ్జెక్టివు సార్. 'ఓల్డ్' అడ్జెక్టివు. 'మ్యాన్' నౌను. 'వాక్స్' వెర్బు. 'స్లోలీ' అడ్వెర్బు," అన్నారు ముప్పైమందీ ఒకే గొంతుతో.

ఇన్‌స్పెక్టరు తల ఎత్తాడు. రెండో వాక్యం అడిగాడు. చెప్పారు. మూడోది సగంలో ఉండగా ఇన్‌స్పెక్టరమ్మ ఉక్కపోసి పైట వెనక్కి వేసుకుంది. ముప్పై నోళ్ళూ ఒక్కసారిగా మూతపడ్డాయి. అంజనమ్మ లేచి, బల్ల మీది విసనకర్ర తీసుకొని ఆమె దగ్గరికి పోయింది.

"నేను విసురుతానమ్మా. నువ్వు ఇందాకటి మాదిరిగానే కూర్చో," అంది.

గాలి హాయిగా తగలడంతో ఇన్‌స్పెక్టరమ్మ మళ్ళీ పైట ఒళ్ళోకి తీసుకుంది. మూడో వాక్యం పూర్తయింది. ఆరూ పూర్తయ్యాయి. ఒక్క తప్పు లేదు. ఇన్‌స్పెక్టరు మొహంలో నవ్వులాంటిది ఏదో తొంగి చూసింది. ఇంత బాగా నేర్పిన మనిషి నోట ఒకసారి వినాలని అతనికి బుద్ధి పుట్టింది.

"ఏదీ, మాస్టారూ, ఆ మొదటి వాక్యం మీరు చెప్పండి."

కిటుకు ఏమిటో ఈసరికి సుందరానికీ తెలిసిపోయింది. పరాయి ఆడమనిషి పైట వంక చూడడం పాపమని దేవుణ్ణి క్షమాపణ కోరుకొని, చూశాడు. ఏ పుస్తకమైనా పైనుంచి కిందికే కదా చదువుతారు. భుజం దగ్గరనుంచి మొదలుపెట్టాడు.

"'ద' అడ్జెక్టివండీ. 'ఓల్డ్' వెర్బు. 'మ్యాన్' ప్రొనౌను. 'వాక్స్' ఇంటర్జెక్షనండీ."

"నడవడం ఆశ్చర్యార్థకం ఎట్లా అయిందండీ?" అన్నాడు ఇన్‌స్పెక్టరు నెమ్మదిగా.

సుందరం మళ్ళీ పైట వైపు చూశాడు. అక్కడ ఇంటర్జెక్షనుకు పెట్టిన కనకాంబరం రంగు తప్ప ఇంకేమీ లేదు. "ముసలాయన కదండీ," అన్నాడు. "నడవడమే ఆశ్చర్యం."

ముందుగా నవ్వింది ఇన్‌స్పెక్టరమ్మ. ఆమె ఇందాకటినుంచి కనిపెడుతూనే ఉంది. ముప్పైమంది పిల్లలు తన ఒడి వైపే చూస్తుంటే ఏ ఆడదానికి తెలియదు? సంగతేమిటని విసురుతున్న అంజనమ్మను అడిగింది. ఆ పిల్లకు దాచడం చేతకాదు.

"అయ్యవారు పైనుంచి చదివినాడమ్మా. గుడ్డ మొదలయ్యేది చెంగు కొసన గదా. ఆమాత్రం తెలీదు ఆయనకు."

"గుడ్డేమిటి?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నిన్న మీరు లేనప్పుడు, ఈ మాస్టారు నేయించారని ఈ చీర తెచ్చిచ్చారు. మడత విప్పితే ఒక కాగితం పడింది. మీ ఆఫీసు కాగితమేమోనని మీ కట్టలోనే పెట్టాను, చూడండి," అంది ఆమె. ఇన్‌స్పెక్టరు తన కాగితాల కట్ట విప్పాడు. ఆరు వాక్యాలు, వాటికింద వెలిసిపోయిన దారాలు. పొద్దుటినుంచీ ఆ కాగితం అతని చంకలోనే ఉంది.

అతను కాగితాన్ని చూశాడు, భార్య పైటను చూశాడు, మళ్ళీ కాగితాన్ని చూశాడు. ఇక దాచి లాభం లేదని సుందరం జరిగినదంతా మొదటినుంచి చెప్పేశాడు. చీర తాను పంపలేదన్నాడు.

"నాకు రాదండీ. ఎంత చదివినా నిలబడల్యా. నాకు రాకపోయినా పిల్లోళ్ళకు రావల్లని చేసినా."

ఇన్‌స్పెక్టరు తనిఖీ పుస్తకంలో చాలాసేపు రాశాడు. చీర లంచం కాదని, బోధన సామగ్రి అని, కాబట్టి బడికే చెందుతుందని పైకి చదివాడు. ఇన్‌స్పెక్టరమ్మ మొహం చిన్నబోయింది. ఎట్టకేలకు గండికోట చూసి వచ్చాక తిరిగి ఇచ్చేటట్టు ఒప్పందం కుదిరింది. మిగతాది చదవకుండానే భార్యను తీసుకొని ఇన్‌స్పెక్టరు జట్కా ఎక్కాడు.

సాయంత్రం ఇంట్లో, కట్టిపెట్టిన ట్రంకుపెట్టె మీదే కూర్చొని, సుందరం తనిఖీ పుస్తకంలోని ఆ ఇంగ్లీషు రాత మీద వేలు పెట్టుకొని కృపమణికి అర్థం చెప్పాడు. పిల్లలకు వ్యాకరణం అద్భుతంగా వచ్చు. అయ్యవారికి బొత్తిగా రాదు. తనకు రానిది పిల్లలకు ఇంత చక్కగా నేర్పిన మనిషి ఈ జిల్లాలో మరొకడు కనబడలేదు, కనుక ఇతన్ని మార్చరాదు. కృపమణి కండ్లు తుడుచుకొని పెట్టె తాళం తీయబోయింది. ఇంకొక వాక్యం ఉంది, ఆగమన్నాడు సుందరం. వచ్చే నెల కడపలో నలభైమంది అయ్యవార్లకు ఈ పద్ధతిని ఇతనే స్వయంగా బోధించవలెను.

చీర కట్టుకొని కడపకు పోలేడు కదా. మర్నాడు పొద్దున్నే రామలింగప్ప దగ్గరికి పోయి, అదే వరసలో తనకొక కండువా నేయమన్నాడు. ఈసారి ఎక్కడ మొదలవుతుందో దగ్గరుండి చూస్తానన్నాడు.

"చూడు, నాకేం," అన్నాడు రామలింగప్ప మగ్గంలో ఆడే నాడె పక్కన పెట్టి. "కాకుంటే కండువాకు రెండు చెంగులుంటాయి, అయ్యవారూ. భుజం మీద ఏసుకున్నాంక ఏది మొదలో నాకు తెలుస్తాది, నా కూతురుకు తెలుస్తాది. నీకెట్ల తెలుస్తాది?"

పై నెలలో సుందరం, గుర్తు కోసం కండువా ఒక చెంగుకు ముడి వేసుకొని, కడప బండెక్కాడు.