నత్తల పందెం, పది ప్రశ్నల టేకాకు

ఒక పెద్ద అడవిలో, పులికి కూడా పని లేక ఆవులింతలు వచ్చే రోజుల్లో, నత్తల పందాలు మొదలయ్యాయి. వాగు ఒడ్డున తడి ఆరని మద్దిమాను ఒకటి పడి ఉండేది. దాని మీద ఆరు నత్తలను వదిలి, ఏది ముందు ఆ చివరికి చేరుతుందోనని జంతువులన్నీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా గొంతు చించుకునేవి. కాసేది వానాకాలానికి దాచుకున్న తిండి. ఎవరు గెలిచారో ఎవరికీ గుర్తులేదు గానీ, బరి నడిపే దుమ్ములగొండి గుహ మాత్రం నిండుతూ ఉండేది.

అప్పలస్వామి అనే ముళ్లపంది ఈ పందాల్లో పీకలదాకా కూరుకుపోయాడు. చెడ్డవాడు కాదు. పెళ్లాం గౌరమ్మన్నా, ఇద్దరు పిల్లలన్నా ప్రాణం పెడతాడు. నత్తను చూస్తే మాత్రం ఆ ప్రాణం కాస్తా అటు పోతుంది. బొరియలో దాచిన కందగడ్డలు ఒక్కొక్కటే వాగు దారి పట్టాయి.

ఇలాంటి కొంపలు చాలానే ఉన్నాయని అటవీ సభకు తెలిసింది. సభ ఊరుకుంటుందా? కొంగ పండితుణ్ణి పిలిచి ఒక ఫారం తయారు చేయమంది. కొంగ ఏడాది పాటు ఒంటికాలి మీద నిలబడి ఆలోచించి, టేకాకు మీద పది ప్రశ్నలు దింపాడు. 'పందెం వల్ల ఇంట్లో పస్తులున్నారా?', 'పోయింది రాబట్టాలని మళ్లీ కాశారా?' ఇలాంటివి. ఎన్నడూ లేదు, అప్పుడప్పుడు, తరచూ, ఎప్పుడూ. ఈ నాలుగింటిలో ఒకదాని మీద గోటితో గీత పెట్టాలి. కష్టం ఎక్కువని తేలినవాళ్ల పేరు లిస్టుకెక్కుతుంది. లిస్టులో ఉన్నవాణ్ణి బరి గేటు దగ్గర ఎలుగుబంటి వెనక్కి పంపేస్తుంది. సభ గోదాం నుంచి వారం వారం బుట్టెడు దుంపలు ఇస్తారు.

"ముందు ఫారం నమ్మదగ్గదో కాదో తేలాలి" అన్నాడు కొంగ. "పక్షం రోజుల తేడాతో రెండుసార్లు రాయిద్దాం. రెండుసార్లూ ఒకే జవాబులొస్తే నమ్మొచ్చు."

అందరూ ఒకచోట దొరికేది బరిలోనే కాబట్టి ఆకులు అక్కడే పంచారు. అక్కడే పొరపాటు జరిగింది. మన అడవిలో ఎవడికైనా రాసే కాగితం చేతికిస్తే ముందు పక్కవాడిది చూస్తాడు. అందరూ కుందేలు ఆకులోకి తొంగిచూశారు. కుందేలు పందేలు కాయదు, చెల్లెల్ని వెతుక్కుంటూ వచ్చింది. పదింటికీ 'ఎన్నడూ లేదు' అని గీతలు పెట్టింది. కాసేపటికి మూడొందల ఆకుల మీద అవే గీతలు. అప్పలస్వామి కూడా పక్కనున్న అడవిపంది చూస్తోందని సిగ్గుపడి అలాగే పెట్టాడు.

మర్నాడు ఆఖరి కంద కూడా పోయింది. ఆ సాయంత్రం చిన్నది ఆకలికి మట్టిబెడ్డ నోట్లో పెట్టుకుంటే అప్పలస్వామి చూశాడు. తెల్లారగానే గేటు దగ్గరికి వెళ్లాడు.

"ఎలుగన్నా, రేపట్నించి నన్ను లోపలికి రానీకు. నా కాళ్లు నా మాట వినడం లేదు."

"లిస్టులో పేరుందా?"

"లేదు."

"లేనివాణ్ణి ఆపితే నా ఉద్యోగం ఊడుతుంది తమ్ముడూ. ఫారంలో నిజం రాసి పేరెక్కించుకో, దర్జాగా ఆపుతాను" అంది ఎలుగు.

రెండోసారి ఆకులు వచ్చినప్పుడు గౌరమ్మ పక్కనే కూర్చుంది.

"ఏం రాస్తావయ్యా?"

"నిజమే రాస్తానే."

మిగతావాళ్లంతా మళ్లీ పాత గీతలే పెడుతుంటే, అన్నంత పనీ చేశాడు. పదింటికీ 'ఎప్పుడూ' అని గీసి, తల దించుకుని ఇచ్చేశాడు. ఇన్నాళ్లకు ఊపిరాడినట్టు అనిపించింది.

మూడోనాడు సభ నుంచి కబురొచ్చింది. కొంగ రెండు ఆకులూ పక్కపక్కన పరిచి కూర్చున్నాడు.

"అందరివీ సరిపోయాయి. నీ ఒక్కడివే సరిపోలేదు. ఏమిటిది?"

"మొదటిది అబద్ధమండి. రెండోది నిజం."

"ఏది నిజమని నేను అడగలేదు. రెండూ ఒకటేనా అని చూస్తున్నాను. మూడొందల మంది శ్రమ నీ వల్ల పాడవుతోంది."

"మరి నా పేరు లిస్టులో..."

"మాట మీద నిలబడనివాడి పేరు లిస్టులో ఎలా ఎక్కిస్తాం?" అని కొంగ ఆ ఆకును తప్పుల బుట్టలో పడేశాడు.

ఫారం అద్భుతంగా నమ్మదగ్గదని సభ తీర్మానించింది. దాని ప్రకారం అడవిలో పందెం వల్ల కష్టపడుతున్న ప్రాణి ఒక్కటీ లేదు. దుమ్ములగొండి కొంగకు పూలదండ వేసింది.

వానలు పడ్డాయి. నత్తలకు హుషారొచ్చింది, బొరియలకు ఆకలొచ్చింది. అడవంతా గోదాం ముందు నిలబడి లబోదిబోమంది. "ఫారంలో కష్టం లేదన్నారుగా" అని తలుపు తీయలేదు. ఏడ్చి మొత్తుకుంటే కొంగ మూడోసారి ఆకులు పంచాడు. ఈసారి ఎవరూ పక్కచూపులు చూడలేదు. కడుపు మండుతున్న వాళ్లు కదా, అందరూ నిజమే గీశారు.

కొంగ పాత ఆకులతో పోల్చి చూసి నెత్తి పట్టుకున్నాడు. కుందేలుది తప్ప ఒక్కటీ సరిపోలేదు.

"ఆ తప్పుల బుట్టలో కూడా చూడండి" అంది గౌరమ్మ.

చూశాడు. అప్పలస్వామివి రెండోసారీ మూడోసారీ గీత గీతకూ సరిపోయాయి.

"అయితే నా పేరు ఎక్కిస్తారా అయ్యా?" అన్నాడు అప్పలస్వామి.

కొంగ చాలాసేపు ఒంటికాలి మీద ఆలోచించాడు. "నువ్వు నమ్మదగ్గవాడివే. ఒప్పుకుంటాను. కానీ ఫారమే నమ్మదగ్గది కాదని తేలింది. దాన్ని రద్దు చేశాం. ఫారం లేనిదే లిస్టు లేదు, లిస్టు లేనిదే గోదాం తెరవడం లేదు."

గోదాంలో దుంపలు మొలకలెత్తాయి. సభ కొత్త ఫారానికి కొంగనే నియమించింది.

మర్నాడు బరిలో నత్తలను వదిలారు. కేకలు వినపడగానే అప్పలస్వామి కాళ్లు వాటంతటవే కదిలాయి. ఎలుగు వినయంగా పక్కకు జరిగి దారి ఇచ్చింది. లోపలికి అడుగు పెట్టబోతే ఎదురుగా గౌరమ్మ నిలబడి ఉంది. ఒంటి మీది ముళ్లన్నీ నిక్కబొడుచుకుని గేటు ఈ కొస నుంచి ఆ కొస దాకా నిండిపోయాయి.

"మరదలా, ఇతన్ని ఆపమని లిస్టేమైనా ఉందా?" అడిగింది ఎలుగు.

"ఇదే లిస్టు" అంది గౌరమ్మ.

అప్పలస్వామి ఆ ముళ్ల వంక కాసేపు చూసి, ఇంటి దారి పట్టాడు.

నీతి: నిజం చెప్పదలిస్తే మొదటిసారే చెప్పాలి, ఆలస్యమైతే అబద్ధానికే కట్టుబడి ఉండటం మర్యాద.