జర్మనీ నాటకం, గద్వాల తర్జుమా

పాఠక మహాశయులారా! మనుషులకు భాష అర్థం కావడం మొదలైన రోజునే లోకం పాడైపోయింది. ఈ మాట ఊరికే అనడం లేదు. నా దగ్గర రుజువులున్నాయి.

డాక్టరు రాసిన చీటీ మనకు అర్థం కాదు, అందుకే మందు పనిచేస్తుంది. పెళ్లి మంత్రాలు పెళ్లికొడుక్కీ అర్థం కావు, పెళ్లికూతురికీ అర్థం కావు, అందుకే కాపురాలు నిలబడుతున్నాయి. మరి ఇళ్లలో కొట్లాటలు ఏ భాషలో జరుగుతున్నాయి? అక్షరం పొల్లుపోకుండా అర్థమయ్యే భాషలో! లాటిన్‌లో పోట్లాడుకున్న మొగుడూ పెళ్లాలను మీరెవరైనా చూశారా?

ఇంకా అనుమానమేనా? అయితే 2006లో మా గద్వాలకు జర్మనీ నాటకం వచ్చిన సంగతి వినండి.

అది పాటలెక్కువ, మాటలు తక్కువ ఉండే ప్రేమ నాటకం. ఆపరెట్టా అంటారట. ఒకరనుకుని ఇంకొకరిని ప్రేమించడం, చివర్లో నాలుక కరుచుకోవడం, ఇంతే కథ. అసలది మా ఊరికి రావలసింది కాదు. హిమాలయాల దగ్గరి గఢ్వాల్‌కు పోవాలి. ఎక్కడో ఒక ఆఫీసులో ఒక మహానుభావుడు ఇంగ్లీషులో రెండక్షరాలు అటూ ఇటూ కొట్టాడు. పదకొండు మంది జర్మన్లు పొద్దున్నే గద్వాల స్టేషన్‌లో దిగి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని మంచుకొండల కోసం వెతికారు. వాళ్లకు కనిపించింది వేరుశనగ బస్తాల లారీ.

చిత్రమేమిటంటే, వాళ్ల సామాన్లు మాత్రం సరైన చోటికే చేరాయి! సామాన్ల వెంట పోయిన దుబాసీ అమ్మాయి కూడా అక్కడే దిగింది. మనుషులే తప్పిపోయారు.

ఇంత దూరం వచ్చినవాళ్లను ఊరికే పంపుతామా? ఫంక్షన్ హాలు ఇచ్చాం. హీరోయిన్‌కు గద్వాల చీర కట్టాం. హీరోకు ఏదో మారువేషం కావాలట, గడ్డం నిమురుకుంటూ సైగ చేశాడు. ధరూర్ వీధి నాటకం వాళ్లది తెల్లగడ్డం ఒకటి తెచ్చిచ్చాం. అది అతనికి బొడ్డు దాకా వచ్చింది. ఈ గడ్డాన్ని మీరు కాస్త గుర్తుపెట్టుకోవాలి.

ఇక జనానికి అర్థం చెప్పేదెవరు? మైక్ సెట్ షంషుద్దీన్ లేచాడు. గద్వాలలో పెళ్లికైనా, దర్గా ఉర్సుకైనా, ఎలక్షన్‌కైనా అతని మైకే మోగాలి. పొద్దున వాళ్లు రిహార్సల్ చేస్తుంటే వైర్లు గుంజుతూ విన్నాడట.

"సారూ, గీళ్లది మన గద్వాల మాటే! సగం ఉర్దూ, సగం తెలుగు. 'నైన్' అంటుండ్రు, అంటే నై, వద్దని. 'బిట్టె, బిట్టె' అంటుండ్రు, అంటే బిడ్డె. 'యా' అంటే ఉర్దూల లేకపోతే అని. ఇగ తెల్వనిదేముంది? అంత సాఫ్!" అన్నాడు నాతో.

చూశారా? ఏళ్ల తరబడి చదివినా పట్టుబడని భాష, వైర్లు గుంజుతూ వచ్చేసింది!

అయితే ఆ గురువారం షంషుద్దీన్ ఇంట్లో పరిస్థితి బాగాలేదు. కూతురు రుబీనా డిగ్రీ పూర్తిచేసి, మహబూబ్‌నగర్‌లో బీఎడ్ సీటు తెచ్చుకుంది. చేరడానికి శనివారం ఆఖరు రోజు. తండ్రేమో వనపర్తిలో టైల్స్ షాపున్న సంబంధానికి మాటిచ్చేశాడు. వాళ్లు శుక్రవారం వచ్చి మంగ్ని, అంటే నిశ్చితార్థం, జరుపుకుంటారు. రుబీనా మూడు నెలల నుంచి ఒకటే మాట: నై. కోపమొచ్చి షంషుద్దీన్ కూతురితో మాట్లాడడం మానేశాడు. అన్నం దగ్గర కూడా "ఉప్పు ఇమ్మను" అని భార్యకే చెప్పేవాడు. ఇద్దరి మధ్యా మాటలు మోసి మోసి అక్తర్ బేగంకు నోరు నొప్పి పుట్టింది. ఈ సంగతి ఊరందరికీ తెలుసు.

కరెంటు పోకముందే ముగించాలని నాటకం నాలుగింటికే మొదలుపెట్టారు. హాలు కిక్కిరిసిపోయింది. ఆడవాళ్ల వైపు మూడో వరుసలో తల్లి పక్కన రుబీనా కూడా కూర్చుంది.

తెల్లగడ్డం లోపలికొచ్చింది. చీర కట్టిన జర్మనీ పిల్ల ముందు మోకాళ్ల మీద కూలబడి, గుండె మీద చెయ్యేసుకుని పాడింది: "బిట్టె! బిట్టె! బిట్టె!"

"తండ్రి బతిమాలుతుండు," అని మైకులో చెప్పాడు షంషుద్దీన్. "బిడ్డా, బిడ్డా అంటుండు."

"నైన్!" అంది పిల్ల.

"బిడ్డ నై అంటుంది."

అతను మళ్లీ బతిమాలాడు. ఆమె మళ్లీ నైన్ అంది. నాలుగోసారికి, ధరూర్ నుంచి పత్తి అమ్ముకోవడానికి వచ్చి నాటకానికి ఆగిపోయిన యాదమ్మ లేచి నిలబడింది.

"పిల్ల నై అంటుంటే ఇనపడ్తలేదా ముసలోనికి? చెవుల దూది పెట్టుకున్నడా?"

అంతే! ఐదోసారి అతను బిట్టె అనగానే, పిల్లకంటే ముందు హాలంతా "నై!" అని అరిచింది. జర్మన్లు పొంగిపోయారు. జనం కోరస్ పాడుతున్నారనుకుని అదే చరణం ఇంకో మూడుసార్లు ఎత్తుకున్నారు.

 ఎనిమిదోసారి "బిడ్డ నై అంటుంది" అని చెప్పబోతూ షంషుద్దీన్ మూడో వరుసలోకి చూశాడు. రుబీనా స్టేజీని చూడడం లేదు. తననే చూస్తోంది. ఆ మాట అతని నోట్లోనే ఉండిపోయింది. సిగ్గేసింది మనిషికి. ఇంత పెద్ద హాలుకు వినిపించేలా తర్జుమా చేస్తున్న మాట, తన ఇంట్లో తనకే వినపడలేదు కదా అని ఏడుపొచ్చింది.

ఇంతలో ఘోరం జరిగింది. హీరో గడ్డం పీకేశాడు. లోపల పాతికేళ్ల కుర్రాడు! పిల్ల "యా! యా! యా!" అంటూ పరుగెత్తుకొచ్చి అతన్ని కౌగిలించుకుంది.

 తండ్రేంది, పడుచువాడు కావడమేంది? మగవాళ్లు లేచారు. ఒకరిద్దరు కుర్చీలు కూడా ఎత్తారు. పదకొండు మంది జర్మన్ల ప్రాణాలు మా షంషుద్దీన్ నాలుక మీద నిలబడ్డాయి.

అతను కళ్లు తుడుచుకుని మైకు దగ్గరికి లాక్కున్నాడు. "ఆగుండ్రి! కథ సమజ్ కాలే మీకు. తండ్రి బిడ్డ మాట ఇన్నడు. ఇన్నంక ముప్పై ఏండ్లు తగ్గిండు. గంతే! గట్ల ఇనకపోతే గడ్డం నేలకు తాకుతుండె. లేకపోతే, లేకపోతే అని బిడ్డ చెప్తుంది గదే."

హాలంతా ఈలలేసింది. కుర్చీలు కిందికి దిగాయి.

"మైకు సాయిబూ, నువ్వు గూడ జర తగ్గరాదూ!" అని అరిచింది యాదమ్మ.

షంషుద్దీన్ స్టేజీ దిగి మూడో వరుస దాకా నడిచాడు. మైకు చేతిలోనే ఉంది, ఆపడం మరిచిపోయాడు. ఇంట్లో ఎప్పుడూ బేటీ అనే మనిషి, జర్మనీ వాళ్ల దగ్గర నేర్చుకున్నట్టు పిలిచాడు.

"బిడ్డా, శనివారం కాలేజీకి ఎన్నింటికి పోవాలె?"

"పదింటికి, అబ్బాజాన్," అంది రుబీనా. ఆ మాట రెండు పెద్ద బాక్సుల్లోంచి ఊరంతా వినిపించింది. వనపర్తికి ఫోన్ కూడా అక్కడి నుంచే చేశాడు. మైకు అప్పుడూ ఆపలేదు.

ఆదివారం దుబాసీ అమ్మాయి జర్మన్లను వెతుక్కుంటూ మా ఊరికొచ్చింది. అసలు అర్థాలు నాకు చెప్పింది. బిట్టె అంటే దయచేసి అని. యా అంటే అవునని. అతను తండ్రి కాదు, ముసలి తోటమాలి వేషం వేసుకున్న రాకుమారుడు. షంషుద్దీన్ తర్జుమాలో ఒప్పయినది ఒకే ఒక్క మాట: నైన్. అది నిజంగానే నై!

"ఈ సంగతి ఊళ్లో చెప్పకు తల్లీ, నీకు దణ్ణం పెడతా," అన్నాను.

కాబట్టి పాఠకులారా, ప్రభుత్వానికి నా విన్నపం ఇది. ఆ టైపిస్టును సన్మానించి, అతని చేత ఇంకా తప్పులు కొట్టించాలి. అయిజకు, గట్టుకు, నాగర్‌కర్నూల్‌కు తలా ఒక నాటకం దారితప్పి రావాలి. మా వీధిలోనే నాలుగిళ్లలో ఆడపిల్లలు నెలల తరబడి వద్దు, వద్దు అంటున్నారు. పాపం, వాళ్లకు జర్మన్ రాదు. స్వచ్ఛమైన తెలుగులో అంటున్నారు.

వాళ్ల నాన్నలకు తెలుగు రాదు.